‘ఆయ్’ అన్నారంటే అర్థమైనట్టే

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడితే అందులో ఒకటి దక్కించుకుని మా రాజోలు వైపు బడికొచ్చిన కుర్రాడొకడు మొన్న తాటిపాక సెంటర్లో టీ కొట్టు దగ్గర తగిలాడు. నేను రిటైరైన సైన్సు మేస్టార్నని కొట్టాయన చెప్పినట్టున్నాడు, గ్లాసు పట్టుకుని నా పక్కకొచ్చి నించున్నాడు. “పిల్లలు బడికొచ్చేసరికే వాళ్ల బుర్రల్లో కొన్ని తప్పు అభిప్రాయాలు పాతుకుపోయి ఉంటాయని ట్రైనింగులో చెప్పారండీ. వాటిని కదపకుండా పాఠం చెబితే పగుళ్ల మీద సున్నం కొట్టినట్టేనంట. మీ సర్వీసులో మీరేం చేసేవారండీ?” అనడిగాడు.

నేనేం చేసేవాణ్ణో చెప్పాను. వింటూ వింటూ ఆ కుర్రాడు టీ చల్లార్చేసుకున్నాడు. మిగతా కొత్త మేస్టార్లకూ టీచరమ్మలకూ కూడా పనికొస్తుందని అదంతా ఇక్కడ రాస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో నా క్లాసులో ఒక్క తప్పు అభిప్రాయం కూడా బయటపడలేదు. అది ఊరికే రాలేదు.

‘అర్థమైందా’ అని అడగండి

ఈ చిట్కా మిగతా జిల్లాల్లో ఇంత బాగా పనిచెయ్యదు. మన గోదావరి వాళ్లకు దేవుడిచ్చిన వరం ‘ఆయ్’. అది అవునని కాదు, కాదనీ కాదు. విన్నామండీ, మీరు పెద్దవారండీ, ఇంక మమ్మల్ని వదిలెయ్యండీ అనే మూడు మాటల్ని ఒక్క అక్షరంలోకి కుదించిన మర్యాద అది. పాఠం ముగించి, పుస్తకం మూసి, “అర్థమైందా?” అనండి. నలభై గొంతులు ఒక్కసారి “ఆయ్” అంటాయి. చేతులకంటిన సుద్దపొడి దులుపుకుని స్టాఫ్ రూముకు వచ్చెయ్యవచ్చు.

పొరపాటున కూడా “ఏమర్థమైంది?” అని మాత్రం అడక్కండి. ముందు తగిలించిన ఆ చిన్న మాట కొంప ముంచుతుంది. పిల్లలు నోరు విప్పుతారు. విప్పితే లోపల ఉన్నది బయటికొస్తుంది. వచ్చాక విననట్టు ఉండటం చాలా కష్టం.

ఇంకోటి కూడా ట్రైనింగులో నేర్పుతున్నారట. బోర్డు మీద ప్రశ్న ఒకటి, జవాబులు నాలుగు రాసి, అందరినీ ఒకేసారి వేళ్లతో చూపించమనాలట, పక్కవాడి చెయ్యి చూడకుండా. అంతకంటే ప్రమాదం లేదు. నలభై మందిలో పాతికమంది రెండు వేళ్లు చూపించారనుకోండి, ఆ రెండో జవాబేమో తప్పనుకోండి, మీ గతేంటి? రేపు చెప్పాల్సిన పాఠం ఆపుకుని మళ్లీ మొదలెట్టాలి. సిలబస్ ఏమైపోవాలి? వంద రోజుల ప్రణాళిక ఏమైపోవాలి? నా పద్ధతి వినండి. మొదటి బెంచీలో ఒక తెలివైన అమ్మాయి ఉంటుంది. ప్రతి ప్రశ్నా ఆ అమ్మాయినే అడగండి. ఆ అమ్మాయి చెప్పిందంటే క్లాసంతా చెప్పినట్టే. నా సర్వీసులో అలాంటి అమ్మాయిలు సుమారు ముప్ఫై మంది, ఏడాదికొకరు చొప్పున, నన్ను కాపాడారు.

పుస్తకంలో ‘ఆలోచించండి – చర్చించండి’ అని గళ్లు ఉంటాయి. అవి ఊపిరి పీల్చుకోడానికి పెట్టినవి, దాటెయ్యండి.

దశాంశాలకు క్రికెట్టు చాలు

0.35 పెద్దదా, 0.4 పెద్దదా అని ఏడో తరగతిలో అడగండి. కాదు, అడక్కండి, నేనే చెబుతాను. సగం మంది 0.35 అంటారు. ముప్పై అయిదు నాలుగు కంటే పెద్దది కదా! ఇక్కడ మీరు చెయ్యవలసిందల్లా దాన్ని ఎప్పుడూ “పాయింట్ ముప్పై అయిదు” అనే చదవడం. “పాయింట్ మూడు అయిదు” అని చదివారో, మూడు పదో వంతులు, అయిదు నూరో వంతులు అని ఎవడికో ఒకడికి స్ఫురించే ప్రమాదం ఉంది.

పైగా మనవాళ్లకు దశాంశ బిందువు మొదట పరిచయమయ్యేది బడిలో కాదు, టీవీలో. 19.5 ఓవర్ల తర్వాత ఒక బంతి వేస్తే 20 ఓవర్లు. మరి 19.5కు 0.1 కలిపితే 19.6 కదా? క్రికెట్టులో కాదు. 19.3 ఓవర్లంటే సరిగ్గా పంతొమ్మిదిన్నర. బిందువుకు కుడివైపు ఆరుతో చుట్టు తిరిగిపోయే లెక్క అది. ఆ పిల్లాడు ఆరో ఏట నుంచి రోజూ సాయంత్రం చూస్తున్న బిందువు అదే. “ఒరేయ్, ఓవర్లలో బిందువు వేరు, ఇక్కడి బిందువు వేరు, తేడా ఎక్కడుందో మీరే పట్టండి” అంటే పీరియడ్ అంతా గోలగోల అయిపోతుంది, వెనక బెంచీ వాళ్లు ముందుకొచ్చేస్తారు. హెడ్‌మాస్టారు వరండాలోంచి తొంగిచూస్తారు. ఎందుకొచ్చిన గొడవ? క్రికెట్టు మాట ఎత్తినవాణ్ణి బయట నిలబెట్టండి.

భిన్నాలకు మాత్రం మన కొబ్బరికాయను దగ్గరికి రానివ్వకండి. ఒకసారి నాకు తగిలింది దెబ్బ. సగానికి సగం కలపమంటే ఒకడు పైవి పైవి, కిందవి కిందవి కలిపేసి రెండు బై నాలుగు అని రాశాడు. తప్పని ఎర్రగీత గీశాను. పక్కనున్న పిల్ల, వాళ్ల నాన్న కొబ్బరి దింపు కూలీ, “కాయను రెండు చిప్పలు చేసి మళ్లీ రెండు చిప్పలూ దగ్గరికి చేరిస్తే సగం కాయ మిగులుద్దేంట్రా?” అంది. వాడు నవ్వాడు, క్లాసంతా నవ్వింది, తప్పు పోయింది. నేను ఎర్రగీతలతో ఏడాదంతా పోగొట్టలేనిది ఆ పిల్ల రెండు చిప్పలతో పోగొట్టేసింది. ఇలాంటివి మేస్టారి పరువుకు మంచివి కావు.

బట్టీ పట్టించండి, బీరువాలు వేరువేరుగా ఉంచండి

బరువైన వస్తువు నీళ్లలో మునుగుతుంది, తేలికైనది తేలుతుంది. ఇది ప్రతి పిల్లాడికీ తెలుసు. కానీ పీచుతో ఉన్న ముదురు కొబ్బరికాయ కిలో పైన తూగుతుంది, కాలవలో పడితే తేలిపోతుంది. గుప్పెట్లో దాచుకునే మేకు బుడుంగుమంటుంది. సఖినేటిపల్లి రేవులో పంటు చూడండి. నిలువెల్లా ఇనుము. కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు, వాటి మీద మనుషులు, మనుషుల నెత్తిన మూటలు. అదంతా ఎక్కించుకుని వశిష్ఠ గోదావరి మీద నర్సాపురం వెళ్లి మళ్లీ వచ్చేస్తుంది. దాన్ని ఎక్కి దిగిన పిల్లాడు కూడా బరువైనది మునుగుతుందనే అంటాడు. ఈ విడ్డూరాన్ని మనం జాగ్రత్తగా కాపాడుకోవాలి.

ఎలాగంటే, ఆర్కిమెడిస్ సూత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టించండి. తొలగించిన ద్రవం, కోల్పోయిన భారం, సమానం. నాలుగు మార్కులు. పిల్లాడి బుర్రలో రెండు బీరువాలుంటాయి. ఒకటి బడి బీరువా, రెండోది ఇంటి బీరువా. సూత్రం బడి బీరువాలోకి వెళ్తుంది, పరీక్షనాడు తీస్తాడు. పంటు, మేకు, కొబ్బరికాయ ఇంటి బీరువాలో ఉంటాయి, బతికినన్నాళ్లూ వాడుకుంటాడు. రెండు తాళాలూ ఒకే గుత్తికి ఎప్పుడూ వెయ్యకండి. మేకునూ కాయనూ బకెట్టు దగ్గర పెట్టి, “వెయ్యక ముందే చెప్పండ్రా, ఏది మునుగుద్ది? ఎందుకు?” అని అడిగి, అందరిచేతా ఊహ రాయించి, అప్పుడు నీళ్లలో వేశారంటే రెండు బీరువాల తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. వేసి చూపించడం ఒక్కటైతే ఫరవాలేదు, తమాషా చూసి మర్చిపోతారు. ముందు ఊహించమనడంలోనే ఉంది ముప్పు. తన ఊహ పక్కన తన కళ్లు నిలబడి కాదంటే పిల్లాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఇది మన పల్లెటూరి జబ్బు అనుకుంటారేమో. హార్వర్డులో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసరు ఉన్నాడు. పెద్ద పెద్ద లెక్కలు చేసే తన విద్యార్థులకు 1990 ప్రాంతంలో బల, చలనాల మీద చిన్న చిన్న మామూలు ప్రశ్నలిచ్చాడు. ఒక విద్యార్థిని, మీరు నేర్పినట్టు రాయమంటారా, నేను అనుకునేట్టు రాయమంటారా అని అడిగిందట. రెండు బీరువాల సంగతి ఆ పిల్ల ఎంత మర్యాదగా చెప్పిందో చూడండి. ఆయన దెబ్బకు పాఠం చెప్పే పద్ధతే మార్చేసుకున్నాడు. మధ్యలో ప్రశ్న వెయ్యడం, పక్కవాడితో వాదించుకోమనడం, మళ్లీ జవాబు అడగడం. మనకంత ఓపికెక్కడిది?

భూకక్ష్యను కోడిగుడ్డులా గియ్యండి

ఎండాకాలం ఎందుకు వస్తుంది? సూర్యుడు దగ్గరికొస్తాడు కాబట్టి. ఈ జవాబును పీకెయ్యడం దండగ. దానికి వేరు వంటింట్లో ఉంది. పొయ్యికి దగ్గరగా కూర్చుంటే వేడి, దూరంగా జరిగితే చల్లన. పిల్లాడు చూసిందే చెబుతున్నాడు. దానికి మీరు చెయ్యగల సాయం ఒక్కటే. బోర్డు మీద భూమి తిరిగే దారిని కోడిగుడ్డులా బాగా సాగదీసి గియ్యండి, సూర్యుణ్ణి ఒక కొసకు నెట్టండి. నిజం కొలతల్లో గీస్తే అది గుండ్రంగానే కనిపిస్తుంది, దగ్గరకూ దూరానికీ తేడా వందకు మూడు పాళ్లకు కాస్త పైన. కానీ గుండ్రంగా గీస్తే పాఠం పాఠంలా ఉండదు.

అసలు సంగతి పిల్లలకు తెలిస్తే తట్టుకోలేరు. భూమి సూర్యుడికి ఏడాది మొత్తంలో అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో. అంటే సంక్రాంతికి పది రోజుల ముందు. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి పొలాలకు అడ్డంపడి, కాలవలు దాటి ప్రభలు మోసుకొచ్చే రోజుల్లో, తెల్లారి మంచులో పక్క మనిషి కనపడని రోజుల్లో మనం సూర్యుడికి దగ్గర. బడి తెరిచాక జులై మొదటి వారానికి 15.2 కోట్ల కిలోమీటర్లు, అతి దూరం. ఇంకా కావాలంటే, మనం దుప్పట్లు కప్పుకున్న ఆ డిసెంబరు, జనవరుల్లోనే మెల్‌బోర్న్‌లో మన క్రికెటర్లు మొహానికి తెల్లటి క్రీము పూసుకుని ఎండలో ఆడుతుంటారు. సూర్యుడొకడే, దూరమొకటే, ఇక్కడ చలి, అక్కడ ఎండ. ఈ ఒక్క మాట వెయ్యండి, పొయ్యి సిద్ధాంతం తనంతట తానే చతికిలబడుతుంది. మీరు భూమి వంపు మాట ఎత్తక ముందే ఎవడో ఒకడు “అయితే మరి దూరం కాదేమోనండీ” అంటాడు. అందుకే ఆ మాట వెయ్యకండి.

హార్వర్డు వాళ్లను మళ్లీ తలుచుకోక తప్పడం లేదు. 1987లో అక్కడ పట్టాలు పుచ్చుకునే రోజున కెమెరా పట్టుకెళ్లి రుతువులు ఎందుకు వస్తాయి, చంద్రకళలు ఎందుకు ఏర్పడతాయి అని అడిగారు. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, ఆచార్యులు కలిపి 23 మందిని అడిగితే 21 మంది తప్పు చెప్పారు. నల్ల గౌన్లు వేసుకుని, నవ్వుతూ, పూర్తి ధీమాతో చెప్పారు. ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ అని ఆ సినిమా పేరు. అది చూశాక నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఆగస్టు 6న తలుపులు వేసుకోండి

పన్నెండు గంటలకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడని మనమంతా అంటాం. తాటిపాకలో ఆ మాట ఏడాదికి రెండు రోజులే నిజం. మే 6 అటూ ఇటుగా ఒకటి, ఆగస్టు 6 అటూ ఇటుగా ఇంకోటి. మే నెలలో సెలవులు కాబట్టి భయం లేదు. ఆగస్టుది బడి రోజు. పన్నెండు దాటిన పది నిమిషాల లోపు నిటారుగా నిలబెట్టిన కర్ర నీడ దాని పాదంలోకి దూరిపోతుంది. జెండా కర్రకు నీడ ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మూడు నెలలూ మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా తొమ్మిది నెలలూ నీడ ఉత్తరానికి, సంక్రాంతి రోజుల్లో బారెడు పొడుగున. నెలకొకసారి ఒక కర్ర నీడ కొలిచి గోడ మీద గీతలు పెట్టుకుంటూ పోతే రుతువుల పాఠం పుస్తకం తెరవకుండానే అయిపోతుంది.

ఖర్చు లేదు, పరికరం లేదు, అనుమతి అక్కర్లేదు. అందుకే దీన్ని ఆపడం కష్టం. అదృష్టం కొద్దీ ఆ సమయానికి డొక్కా సీతమ్మ గారి పేరు మీద పెట్టే మధ్యాహ్న భోజనానికి గంట కొట్టేస్తారు, చాలామంది తప్పించుకుంటాం.

మట్టి తినే చెట్టు

కొబ్బరిచెట్టు అంత ఎత్తు పెరగడానికి సరుకు ఎక్కణ్ణుంచి వచ్చింది? మట్టిలోంచి, అంటారు పిల్లలు. మొదట్లో ఎరువు వేస్తాం, ఉప్పు వేస్తాం, నీళ్లు పెడతాం, చెట్టు తింటుంది, పెరుగుతుంది. కోనసీమ పిల్లాడి దగ్గర ఈ వాదనకు ఉన్నన్ని సాక్ష్యాలు ఇంకెవరి దగ్గరా ఉండవు. వాడితో మీరు గెలవలేరు. అయినా గెలవక్కర్లేదు, ‘కిరణజన్య సంయోగక్రియ’ అని ఒత్తులు తప్పకుండా రాస్తే మార్కులు పడతాయి.

“మరి ఇంత కాండం మట్టిలోంచే వస్తే మొదట్లో గొయ్యి పడాలి కదరా?” అని మాత్రం అనకండి. ఆ గొయ్యి ప్రశ్నను బ్రస్సెల్స్‌కు చెందిన వాన్ హెల్మాంట్ ఎప్పుడో వేసుకున్నాడు. కుండీలో 200 పౌన్ల ఎండు మట్టి తూచి పోసి, అయిదు పౌన్ల విల్లో మొక్క నాటాడు. అయిదేళ్లు వాన నీళ్లు పోశాడు. చెట్టు 169 పౌన్లయింది, అంటే 76 కిలోల పైన. మట్టిని ఆరబెట్టి మళ్లీ తూచాడు. తగ్గింది రెండు ఔన్సులు, అరవై గ్రాములైనా లేదు. ఆయన పోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. నాకు ఇందులో నచ్చేదేమిటంటే, అంత శ్రమపడి ఆయన తేల్చింది కూడా తప్పే. చెట్టంతా నీళ్లలోంచే వచ్చిందన్నాడు. గాలి ఆయనకు తట్టలేదు. చెట్టు ఒంట్లోని బొగ్గంతా గాలిలోంచి వచ్చిందని తేలడానికి ఇంకో నూటయాభై ఏళ్లు పట్టింది. పిల్లాడి తప్పు మీద నవ్వేటప్పుడు ఆయన మీద కూడా నవ్వుతున్నామని గుర్తుపెట్టుకోండి, నవ్వు ఇంకా బాగా వస్తుంది.

నవ్వడం అన్నాను కదా, అది మనకున్న గొప్ప సాధనం. తప్పు చెప్పినవాణ్ణి ఒక్కసారి క్లాసంతా నవ్వేలా చెయ్యండి, వాడు మళ్లీ తప్పు చెప్పడు. ఒప్పు కూడా చెప్పడనుకోండి.

ఈ చిట్కా పాటించకండి

1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిళ్లు ఇక్కడికి ఆకాశం ఎర్రగా కనిపించేది. క్లాసులో ఒకడు, “అడుగున చెరువుందాండీ?” అన్నాడు. “చెరువేంట్రా, సముద్రం” అన్నాను. తర్వాత 2001లో తాటిపాకలోనే ఓఎన్‌జీసీ మినీ రిఫైనరీ వచ్చింది, మా పిల్లల నాన్నలు కొందరు దాని గేటు దాటి పనికి వెళ్లారు. అయినా మా క్లాసుల్లో భూమి కింద చెరువు అలాగే ఉండిపోయింది. చమురైనా వాయువైనా ఉండేది రాతి గుల్లల్లో. ఎండు ఇటుకను బకెట్టులో వేస్తే బుడబుడమని నీళ్లు తాగుతుంది కదా, అలా రాయి తాగి పట్టుకుంటుంది. ఒక ఇటుక, ఒక బకెట్టు. నేను తేలేదు.

2014 జూన్ 27 తెల్లవారుజామున మా పక్కన నగరం అనే ఊళ్లో గెయిల్ గొట్టంలోంచి బయటపడ్డ వాయువు అంటుకుంది. ఇరవై మందికి పైగా పోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. కారణాల మీద విచారణలు జరిగాయి, వాటి జోలికి నేను పోను. ఆ తర్వాత ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి లేచి, “గ్యాస్ కారితే వాసనొస్తుంది కదండీ, మనకి తెలిసిపోతుంది కదండీ?” అని అడిగింది. “అవునమ్మా, కూర్చో” అన్నాను.

వంటగ్యాస్‌కు గానీ, భూమిలోంచి తీసే సహజ వాయువుకు గానీ తనదంటూ పనికొచ్చే వాసన లేదు. సిలిండర్ దగ్గర మనకొచ్చే ఆ కుళ్లు వాసన మెర్కాప్టాన్ అనే పదార్థాన్ని మన కోసం కావాలని కలిపితే వచ్చింది. అది ఎందుకు కలుపుతున్నారో చెప్పాలంటే ఒక బడి గురించే చెప్పాలి. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్లో బడి నేల కింది ఖాళీలో వాసన లేని వాయువు చేరింది. ఎవరికీ తెలియలేదు. ఒక విద్యుత్ పనిముట్టు నిప్పురవ్వకు బడంతా లేచిపోయింది. పిల్లలూ టీచర్లూ కలిసి 300 మంది దాకా చనిపోయారు. ఆ తర్వాతే వాయువుకు వాసన కలిపి తీరాలని అక్కడ చట్టం చేశారు. కాబట్టి వాసన వాయువు గుణం కాదు, మనిషి చేసిన ఏర్పాటు. ఏర్పాటు లేనిచోట ముక్కు పనిచెయ్యదు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. సహజ వాయువు తేలిక, పైకి పోతుంది. అనుమానం వస్తే స్విచ్ వెయ్యకూడదు, తియ్యకూడదు, తలుపులు తెరిచి బయటికి రావాలి.

ఇది పది నిమిషాల పని. గొట్టాల పక్కన బతికే పిల్లలకు నేను చెప్పలేదు. ఈ ఒక్క పాఠంలో మీరు “ఏమర్థమైంది?” అని అడగండి, ఒక్కొక్కళ్లనీ అడగండి.

నీడ సంగతి

ఇక చివరిది. మీ తప్పు మీకు చూపించే పిల్లాడు ఎప్పుడో ఒకప్పుడు తగులుతాడు. వాణ్ణి వెంటనే కూర్చోబెట్టాలి.

చంద్రుడు తరగడం, పెరగడం భూమి నీడ వల్లనని నేను ఇరవై ఏళ్లు చెప్పాను. గ్రహణం బొమ్మ గీసి, దాన్నే చంద్రకళలకూ వాడేసుకున్నాను. బోర్డు మీద బాగా కుదిరేది. ఒక ఏడాది ఎనిమిదో తరగతిలో ఒక చేపల వాళ్ల పిల్లాడు లేచాడు. వాళ్ల ఇంట్లో పోటూ పాటూ తిథులతోనే చూస్తారు, వేట ఎప్పుడు వెళ్లాలన్నా చందమామనే అడగాలి. “మేస్టారండీ, బహుళ అష్టమికి పొద్దున్నే ఎనిమిదింటికి సగం చందమామ పడమటేపు ఉంటాడండీ. తూరుపేపు సూర్యుడూ ఉంటాడండీ. ఇద్దరూ పైనే ఉన్నారు. మరి మన నీడ కాళ్ల కింద నించి పైకెలా ఎక్కిందండీ?” అన్నాడు.

నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. బంతిలా గుండ్రంగా ఉన్నదాని మీద ఒకవైపు ఎండ పడితే సగం వెలుగుతుంది, ఆ వెలిగిన సగంలో మనకెంత కనపడుతుందన్నదే కళ. నీడతో పని లేదు. అంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది, ఇరవై ఏళ్ల బోర్డులన్నీ తిరిగాయి. “పుస్తకంలో ఉన్నది చదువు, పోటూ పాటూ ఇంటి దగ్గర చూసుకో” అన్నాను. క్లాసు నవ్వింది. వాడు కూర్చున్నాడు. పుస్తకంలో నీడ అని లేదు, తర్వాత తీసి చూశాను.

ఆ ఏడాదే బడి మానేశాడు. నా వల్లనని అనను, వాళ్ల ఇంట్లో అవసరాలు అలాంటివి.

పోయిన కార్తికంలో నర్సాపురంలో పెళ్లికి వెళ్తూ పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను. మోటారు సైకిళ్లు సర్దుతూ, తాడు విప్పుతూ ఒకతను నన్ను చూసి దగ్గరికొచ్చాడు. జుట్టు నెరిసింది గానీ గుర్తుపట్టాను. బావున్నారాండీ అంటే బావున్నానన్నాను. పంటు నది మధ్యకొచ్చింది. వీపు మీద ఎండ చుర్రుమంటోంది. ఎదురుగా నర్సాపురం గట్టు మీద, కొబ్బరి మట్టలకు కాస్త పైన, సగం చందమామ పాలిపోయి ఉన్నాడు. అతను తాడు చుట్టుకుంటూ అటు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

“ఇయ్యాల నీడ బాగా పడిందండీ మేస్టారూ,” అన్నాడు.

“ఆయ్,” అన్నాను.